రెండోసారి వచ్చిన ఆఠీను నాలుగు

ఆ ఆదివారం, దీవి అంచున చేపల రేవున్న కిల్డోనన్ కోవ్ అనే ఊళ్ళో, చర్చి హాలులో నిలబడడానికి కూడా చోటు లేదు. గోడకి తగిలించిన ఆకుపచ్చ బోర్డు మీద ఒకే ఒక్క కవరు మిగిలి ఉంది.

కిందటి మే నెలలో ఆట మొదలుపెట్టినప్పుడు ఆ బోర్డు మీద యాభై రెండు కవర్లుండేవి. ఒక్కోదానిలో ఒక్కో పేకముక్క. ప్రతి ఆదివారమూ ఒక టికెట్ తీస్తారు. ఆ టికెట్ కొన్నవాళ్ళు ఒక కవరు ఎన్నుకుంటారు. అందులో ఇస్పేటు ఆసు ఉంటే అంతవరకూ పోగైన సొమ్మంతా వాళ్ళదే. లేకపోతే చిన్న బహుమానం ఇచ్చి పంపుతారు. ముక్కని అందరికీ చూపించి, సగానికి కత్తిరించి, కవరు ఉన్నచోటే బోర్డుకి గుచ్చుతారు. అమ్మిన టికెట్ల సొమ్ములో సగం చర్చికి పోతుంది, మిగతా సగం బహుమతి కింద పోగవుతుంది. చర్చి వాటాతోనే కొత్త పైకప్పు వేశారు.

ఏడాది గడిచినా ఆసు రాలేదు. పోగైన సొమ్ము పదకొండు లక్షల డాలర్లు దాటింది. ఇక ఆ చివరి కవరులో ఉన్నది ఆసే కావాలి. ఆ రోజు టికెట్ తగిలింది ఒక నర్సుకి. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

ఏడాదిపాటు కవర్లు తెరిచిన మనిషి రానాల్డ్ రాంకిన్. ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద, చర్చి సంఘానికీ పెద్దే. మైకు చేతికిస్తే పీనుగని కూడా నవ్విస్తాడని పేరు. ఆ రోజు మాత్రం హాలిఫాక్స్ నుంచి వచ్చిన లాటరీ తనిఖీ అధికారి చేయి చాపాడు.

"ఇంత సొమ్ము కదండీ. ఇది నేను తెరవాలి."

"ఏడాదంతా నేను తెరిచానయ్యా. చివరిదొక్కటీ లాక్కుంటావా?" అన్నాడు రానాల్డ్. నవ్వుతూనే అన్నాడు కానీ కవరు వదల్లేదు. అధికారి దాన్ని అతని వేళ్ళ మధ్య నుంచి మెల్లిగా లాగవలసి వచ్చింది. రానాల్డ్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ జనంలో ఉక్కపోతకి కళ్ళు తిరిగాయనుకుని ఎవరో మంచినీళ్ళు అందించారు.

అధికారి ముక్కని పైకెత్తాడు. ఆఠీను నాలుగు.

ముందున్నవాళ్ళు మెడలు చాచి చూశారు. అంతలో వెనకనుంచి ఎవరో అరిచారు. "అదిగో, బోర్డు మీద చూడండి! ఆఠీను నాలుగు ఇదివరకే వచ్చింది!"

మూడు రోజుల తర్వాత, అదే దీవిలో ఉన్న సిడ్నీ అనే చిన్న పట్నంలో, డిటెక్టివ్ జోసెట్ ఓకోయిన్ ఆఫీసుకి ఒక ముసలావిడ వచ్చింది. జోసెట్‌కి అరవై ఏళ్ళు. ఈ దీవిలో ఆవిడ తేల్చిన కేసులు పోలీసులే చెప్పుకుంటారు. ఆవిడ సహాయకుడు హెక్టర్ గిల్లిస్ ఒకప్పుడు బస్సు నడిపేవాడు. తెల్లవారి లేచి జపమాల తిప్పనిదే టీ ముట్టడు. దేవుడి తర్వాత అంత నమ్మకం జోసెట్ మీదే.

వచ్చినావిడ పేరు ఫ్లోరా మెకెకర్న్. నలభై ఏళ్ళుగా చర్చిలో కొవ్వొత్తులూ, పీఠం గుడ్డలూ చూసుకుంటోంది. ముక్కల్ని కవర్లలో పెట్టిందీ ఆవిడే.

"ఆసు పెట్టకుండా ఆఠీను నాలుగు రెండు పెట్టానంటున్నారమ్మా" అంది. "నిన్న పొద్దున లేచి తలుపు తీస్తే గుమ్మంలో చేప పేగులు. సోమవారం పోలీసులు వచ్చి నన్ను తీసుకెళ్తారట. పోతే పోతాను. కానీ మొన్న ఫాదర్ నా దగ్గర్నుంచి చర్చి తాళాలు తీసుకున్నారు. అది తట్టుకోలేకపోతున్నాను."

"ముక్కలు కవర్లలో పెట్టిన రోజు ఏం జరిగిందో చెప్పండి" అంది జోసెట్.

"రానాల్డ్ హాలుకి డజను పేకలు కొన్నాడు. అందులోంచి ఒక కొత్త పెట్టె నాకిచ్చాడు. యాభై రెండు ముక్కలూ బల్ల మీద పరిచి అందరికీ చూపించాను. తర్వాత బోర్లా వేసి కలిపి, అందరి ఎదుటే కవర్లలో పెట్టి జిగురు అంటించాను. వెలుగుకి పట్టుకుంటే ముక్క కనబడకూడదని ఒక్కోదానికీ పాత కార్బన్ కాగితం చుట్టాను. వారం రోజులు నా వేళ్ళు నీలంగానే ఉన్నాయి."

"బోర్డు ఎక్కడ ఉండేది?"

"ఇనప్పెట్టెలో. దానికి రెండు తాళాలు. ఒకటి ఫాదర్ దగ్గర, ఒకటి పోలీసుల దగ్గర. ఆదివారం తప్ప బయటికి రాదు."

"మీరు పేకాడతారా?"

ఫ్లోరా మొదటిసారి నవ్వినట్టయింది. "నాకు కళావరుకీ ఇస్పేటుకీ తేడా తెలిసింది ఈ ఆటతోనే తల్లీ."

మర్నాడు పొద్దున జోసెట్, హెక్టర్ కిల్డోనన్ కోవ్ వెళ్ళారు. ఫాదర్ లియో ఇనప్పెట్టె తెరిపించి బోర్డు తెప్పించాడు. కత్తిరించి గుచ్చిన ముక్కల్ని జోసెట్ ఒక్కోదాన్నీ వేలితో రుద్దుకుంటూ వెళ్ళింది. వేలి కొన నీలమైంది. ముప్ఫై ఒకటో నంబరు దగ్గర ఆగింది. వేలిని రుమాలుతో శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ రుద్దింది. తర్వాత అధికారి సంచిలో పెట్టి ఉంచిన చివరి ముక్కని అడిగి తీసుకుని దాన్నీ రుద్దింది. వారం వారం గెలిచినవాళ్ళ పేర్లు రాసిన పుస్తకంలో ఒక పేజీ మాత్రం చదివింది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు హెక్టర్.

"ఆకలేస్తోంది, పద" అంది.

రేవులో ఆ రోజు సందడిగా ఉంది. లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే కాలం మొదలైంది. పడవలు నిండా బోనులు పేర్చుకుని ఒక్కొక్కటే కదులుతున్నాయి. వింసెంట్ బూడ్రో ఒక్కడే గట్టున తాళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఫ్లోరాని అందరికన్నా గట్టిగా తిడుతున్నది అతనే.

"డిటెక్టివులా? ఆ కొవ్వొత్తులమ్మ డబ్బిచ్చి పిలిపించిందా?" అన్నాడు. "అయితే రాసుకోండి. దానికి చర్చి పిచ్చి. ఆట ఆగకుండా నడిస్తే పైకప్పుకి సొమ్ము వస్తుందని ఆసు దాచేసింది. దేవుడి పేరు చెప్పి ఊరిని ముంచింది."

"మీరు టికెట్లు కొన్నారా?"

"కొనకేం? వారం తప్పకుండా. నాకూ ఒకసారి తగిలింది. పనికిమాలిన ముక్క వచ్చింది. చేతికిచ్చింది ఆరువందలు." ఉమ్మేశాడు. "నా బాకీ ముందు అదేపాటిది? ఫిబ్రవరిలో పడవ, లైసెన్సు అమ్మేశాను. మా తాత నాటినుంచి ఈ రేవులో బూడ్రోల పడవ లేని మే నెల ఇదే."

"ముక్క తెరిచినప్పుడు రానాల్డ్ ఏమన్నాడు?"

"వాడేమంటాడు? 'ఒరేయ్ విన్స్, ఈసారికి లేదురా' అన్నాడు. నాకంటే వాడే ఎక్కువ బాధపడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా వాడూ నేనూ టారబిష్ పేకాటలో జోడీ. వాడి చేతిలో ఏముందో నాకు మొహం చూస్తే తెలుస్తుంది."

మధ్యాహ్నం హాలులో నలుగురు టారబిష్ ఆడుతున్నారు. రానాల్డ్ కూడా అక్కడే ఉన్నాడు. వీళ్ళని చూడగానే లేచి టీ పోసి, ఓట్స్ రొట్టెలు ముందుపెట్టాడు.

"ఫ్లోరా దొంగ కాదమ్మా. నేను ఎవరి ముందైనా చెప్తాను" అన్నాడు. "ఎక్కడో పొరపాటు జరిగింది."

"ఎవరి పొరపాటు?" అంది జోసెట్.

రానాల్డ్ వెనక్కి తిరిగి కేటిల్ సర్దాడు.

హెక్టర్ ఆట చూస్తున్నాడు. కొత్త పేక విప్పిన ఒకాయన రెండు నుంచి ఐదు వరకూ ఉన్న ముక్కల్ని ఏరి, రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పడేశాడు. టారబిష్‌లో ఆరు నుంచి పై ముక్కలే కావాలి. ఆ దీవిలో ఏ హాలులో సొరుగు లాగినా ఇలాంటి చిన్నముక్కల కట్టలు కనబడతాయి. ఎవరూ వాటివైపు చూడరు, పారెయ్యనూ పారెయ్యరు.

ఆటగాళ్ళు వెళ్ళిపోయాక జోసెట్ సొరుగు లాగింది. "హెక్టర్, లెక్కపెట్టు."

"పేకకి పదహారు ఉండాలి కదా. ఇది పదహారు. ఇదీ పదహారు..." ఏడో కట్ట దగ్గర ఆగాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఇందులో పదిహేనే ఉన్నాయి."

"లేనిదేది?"

హెక్టర్ ముక్కలు బల్ల మీద పరిచి చూశాడు. "ఆఠీను నాలుగు!"

"ఆదివారం పూజ అయ్యాక అందరినీ ఉండమను" అంది జోసెట్.

ఆదివారం వాన పడుతోంది. పూజ ముగిశాక ఎవరూ బెంచీలలోంచి కదల్లేదు. ముందు వరసలో తనిఖీ అధికారి, ఫాదర్ లియో, రానాల్డ్. వెనక గోడకి చేరగిలబడి వింసెంట్. ఫ్లోరా పక్క బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆ బెంచీలోకి ఇంకెవరూ వెళ్ళలేదు. హెక్టర్ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

బోర్డు పీఠం మెట్ల దగ్గర నిలబెట్టి ఉంది.

"ఫ్లోరా ప్రతి ముక్కకీ కార్బన్ కాగితం చుట్టింది" అని మొదలుపెట్టింది జోసెట్. "అందుకే ప్రతి ముక్క మీదా నీలపు మరక ఉంది. మీరే వచ్చి రుద్ది చూడండి. చివరి కవరులో వచ్చిన ఆఠీను నాలుగు మీదా ఉంది. అంటే అది మొదటినుంచీ ఆ కవరులో ఉన్నదే. ఫ్లోరా పెట్టిందే. మరి ఈ బోర్డు మీద మరక లేని ముక్క ఒకే ఒక్కటి ఉంది. ముప్ఫై ఒకటో నంబరు. మొదట వచ్చిన ఆఠీను నాలుగు."

అధికారి లేచి వెళ్ళి రుద్దాడు. తన వేలు చూసుకున్నాడు. తల ఊపాడు.

"ఆ ముక్క ఏ కవరులోనూ లేదు. హాలు సొరుగులో ఉన్న చిన్నముక్కల కట్టలోంచి వచ్చింది. అదే డజను పేకల్లోది కాబట్టి వెనక బొమ్మ కూడా ఒకటే. ముప్ఫై ఒకటో కవరులోంచి నిజంగా వచ్చింది ఇస్పేటు ఆసు. మీకు చూపించింది మాత్రం వేరే ముక్క. తెరవక ముందు కవరులో ఏముందో ఎవరికీ తెలియదు. కాబట్టి మార్చగలిగిన చేయి ఒకటే ఉంది. ముందుగా తాను చూసి, తర్వాత మనకి చూపించే చేయి."

అందరి తలలూ ఒకవైపే తిరిగాయి.

"నిజమైన ఆఠీను నాలుగు ఏదో ఒక వారం వస్తుంది. ఆ రోజు దాన్ని దాచి ఆసు చూపిస్తే లెక్క సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన అనుకున్నది అదే. కానీ అది చివరి కవరుదాకా రాలేదు. చివరి కవరు తెరవడానికి వేరే మనిషి వచ్చాడు. రానాల్డ్ గారూ, ఆసుని మీరు పారేసి ఉండరు. ఆ రోజు కూడా అది మీ దగ్గరే ఉంది కదూ?"

రానాల్డ్ లేచి నిలబడ్డాడు. కోటు లోపలి జేబులోంచి ప్రార్థన పుస్తకం తీశాడు. పేజీల మధ్య నుంచి ఒక ముక్క తీసి పీఠం మెట్టు మీద పెట్టాడు. ఇస్పేటు ఆసు. దాని తెల్లని చోటంతా నీలపు మరక.

"నయాపైసా తీసుకోలేదు" అన్నాడు. మైకు లేని అతని గొంతు చిన్నగా వినిపించింది. "క్రిస్మస్‌లోపు పైకప్పు ఖర్చు కట్టకపోతే చర్చి మూసేస్తామని బిషప్ గారు ఉత్తరం రాశారు. ఆట అప్పుడే ముగిస్తే మనకి ఆ ఖర్చులో సగం కూడా రాదు. ఆ చిన్నముక్కని చొక్కా చేతిలో పెట్టుకుని తొమ్మిది వారాలు నిలబడ్డాను. ఆసు రాకూడదని, దాన్ని వాడే అవసరం రాకూడదని ప్రతి వారమూ దేవుణ్ణి వేడుకున్నాను."

"ఆ కవరు ఎవరు ఎన్నుకున్నారో చెప్పండి" అంది జోసెట్.

రానాల్డ్ మొహం తిప్పుకున్నాడు. ఆవిడ గెలిచినవాళ్ళ పేర్ల పుస్తకం తెరిచి చదివింది. "ఇరవై తొమ్మిదో వారం. నవంబరు. ముప్ఫై ఒకటో కవరు. ఎన్నుకున్నది వింసెంట్ బూడ్రో."

వింసెంట్ గోడని వదిలి మెల్లిగా ముందుకి నడిచాడు.

"ముప్ఫై ఒకటి నా పడవ నంబరు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఎంతుండేది అప్పుడు?"

"అరవై ఒక్క వేలు" అన్నాడు అధికారి.

"నా బాకీ నలభై." వింసెంట్ రానాల్డ్ ఎదుట ఆగాడు. "నీకు తెలుసు."

"బాకీ ఉందని తెలుసురా. పడవ అమ్ముతావనుకోలేదు. అమ్మాక చెప్పడానికి నోరు రాలేదు. చివర్లో ఆసు ఎవరికి వచ్చినా వాళ్ళ దగ్గర అడిగి నీకు..."

"ఊరుకో."

వాన జోరు పెరిగింది. కొత్త పైకప్పు మీద ఆ చప్పుడు అందరికీ వినిపిస్తోంది. కిందటి ఏడాది ఈ కాలానికి నడవ పొడుగునా బకెట్లు పెట్టేవారు. ఇప్పుడు ఒక్క చుక్క కూడా రాలడం లేదు. వింసెంట్ పైకి చూశాడు.

"నా పడవ ఇప్పుడు వేరేవాడి రేవులో తడుస్తోంది రానాల్డ్" అన్నాడు. "దేవుణ్ణి మాత్రం తడవకుండా బాగా చూసుకున్నావు."

రానాల్డ్ మోకాళ్ళ మీద కూలిపోయాడు. అది ప్రార్థనో, కాళ్ళలో సత్తువ పోవడమో హెక్టర్‌కి తెలియలేదు.

వింసెంట్ వెనక్కి తిరిగాడు. తిన్నగా ఫ్లోరా బెంచీ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. "ఆ చేప పేగులు నేనే వేశాను పెద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడే వెళ్ళి కడుగుతాను."

"మంగళవారమే కడిగేసుకున్నానులే నాయనా" అంది ఫ్లోరా. "కూర్చో. తడిసిపోతావు."

అతను ఆవిడ పక్కన కూర్చున్నాడు.

సొమ్ము ఎవరికి ఎంతో కోర్టు తేలుస్తుందని అధికారి చెప్పాడు. ఫాదర్ లియో ఫ్లోరా దగ్గరికి వచ్చి చర్చి తాళాల గుత్తి రెండు చేతులతోనూ ఆవిడకి అందించాడు. ఆవిడ గుత్తి తీసుకుని, లేచి వెళ్ళి, పీఠం మీది కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పింది. రోజూ చేసే పనే అది.

కారు దగ్గరికి వెళ్ళేముందు హెక్టర్ గుమ్మంలో ఆగి, అలవాటుగా మోకాలు వంచి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఈ పైకప్పుని నువ్వు స్వీకరించావా ప్రభూ, అని అడగాలనిపించింది. అడగడానికి భయమేసింది. పొడిగా ఉన్న నేలని ఒకసారి చూసి, గొడుగు విప్పకుండానే వానలోకి నడిచాడు.