ఊపిరి సార్ పెళ్ళిమాట

"ఈ పేషెంట్‌ని చూడండి. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసం. భుజాలు ఎలా ఎగిరెగిరి పడుతున్నాయో గమనించారా?"

ఫిజియోథెరపీ లెక్చరర్ పెన్నుతో ఆమె భుజం వైపు చూపించాడు. క్లాసంతా నోట్సు రాసుకుంటోంది. బల్ల మీద కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది.

"మాస్టారూ, నాకు ఆడనిది ఊపిరి. చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

క్లాసు గొల్లుమంది. లెక్చరర్ మొహం కందగడ్డలా అయింది.

ఆమె స్విమ్మింగ్ కోచ్. వైరస్ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి ఆమెను చాలాకాలం ఆస్పత్రి పాలుచేసింది. జ్వరం పోయింది గానీ, పోయిన సత్తువ తిరిగి రాలేదు. ఈ కాలేజీలో వ్యాయామాలు నేర్పుతారు, బదులుగా విద్యార్థుల ముందు కూర్చోవాలి అంటే ఒప్పుకుని వచ్చింది.

క్లాసయ్యాక అతను వెనకే వచ్చాడు. "సారీ అండీ."

"నాకెందుకు? వాళ్ళకి చెప్పండి. రేపు వాళ్ళూ మీలాగే తయారవుతారు."

మర్నాడు అతను తన కుర్చీ ఆమెకిచ్చి, వెళ్ళి విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. "ఇవాళ పాఠం ఈవిడ చెబుతారు."

ఆమె కాసేపు బిత్తరపోయింది. తర్వాత కోచ్ గొంతు పైకి తెచ్చుకుంది. "ముక్కుతో నెమ్మదిగా పీల్చండి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి కాఫీ ఊదినట్టు వదలండి. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. ఊపిరి సార్, మీరూ!"

ఆ పేరు అతనికి అలా అతుక్కుపోయింది.

"అక్కా, బాగా అలిసిపోయేదాకా నడిస్తే బలం తొందరగా రాదా?" అడిగింది ముందు వరసలోని అమ్మాయి.

"నేనూ అలాగే అనుకుని మొండికేశాను. మర్నాడు మంచం దిగలేదు. అలిసిపోయాక ఆగడం కాదమ్మా, అలిసిపోకముందే ఆగాలి. అది నాలాంటిదానికి ఎంత అవమానమో మీ సార్‌ని అడగండి."

"నాకేం తెలుసండీ?"

"అదే మరి. పుస్తకంలో లేదుగా!"

అప్పటినుంచి క్లాసు ముగియగానే ఇద్దరూ క్యాంటీన్‌లో తేలేవారు. పిల్లలు మోచేతులతో పొడుచుకునేవారు. ఆమె అతని పాఠాన్ని వెక్కిరించేది, అతను ఆమె ఈతకొలను కబుర్లు నోరు తెరుచుకుని వినేవాడు.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. ఆమె క్యాంటీన్ రేకుల కింద నుంచి చెయ్యి చాపి చినుకులు పట్టుకుంది. "పదండి, తడుస్తూ వెళ్దాం."

"చలిగాలి పడితే దగ్గు..."

"వానని చూస్తే మీకు దగ్గు గుర్తొస్తుందా? మీరు మనిషా, మందులషాపా?"

అతను నవ్వాడు. గొడుగు మాత్రం తెరిచి ఆమె తల మీదే పట్టాడు.

ఈ సంగతి ఆమె తల్లి దాకా వెళ్ళింది. ఆవిడ సరాసరి కాలేజీకే వచ్చింది.

"బాబూ, మా ఇంట్లో అందరం అనుకున్నాం. దాన్ని నీ చేతిలో పెడితే నాకు నిశ్చింత. ఎప్పుడు ఆయాసమొచ్చినా ఇంట్లో డాక్టరున్నట్టే."

అతనికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ రోజే, విద్యార్థులు వెళ్ళిపోయాక, ల్యాబులో అడిగేశాడు. "మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులోంచే దగ్గు తెర వచ్చింది. అతని చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఆక్సీమీటర్ తీసి ఆమె వేలికి తగిలించింది. అతను అందులోని ఆక్సిజన్ అంకె వైపు చూస్తూ నిలబడ్డాడు.

దగ్గు తగ్గింది. ఆమె అతన్నే చూస్తోంది.

"నేనెందుకు నవ్వానో అడగరా?"

"ఎందుకు?"

"సంతోషంతో. సరేనని చెబుదామని నోరు తెరిచాను. మీరు మాత్రం నా వేలు పట్టుకున్నారు."

"కంగారులో..."

"మా అమ్మకి మీరు అల్లుడిగా నచ్చలేదు, ఆక్సిజన్ సిలిండర్‌గా నచ్చారు. దానికే నవ్వుకుని ఊరుకున్నాను. మీరూ అంతేనా?"

"అలా అనకండి. మీరంటే నాకు ప్రాణం."

"తెలుసు. మీ కళ్ళు నా ప్రాణం మీద నిలిచినట్టు నా మీద నిలవవు."

"మారతాను."

"ఎప్పుడు? నాకు తగ్గాకా? కొందరికి పూర్తిగా తగ్గకపోవచ్చని క్లాసులో చెప్పింది మీరే. జబ్బు ఎంత మిగిలినా భరిస్తాను. ఇంట్లో కూడా పేషెంట్‌గా బతకలేను."

ఆమె ఆక్సీమీటర్ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

ఆ రోజు లిఫ్ట్ పనిచేయడం లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు కొంతదూరం వినిపించి, మధ్యలో ఆగిపోయింది.

అతను గుమ్మం దాకా పరుగెత్తాడు. అక్కడ తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయాడు. ఇప్పుడు వెళ్తే ఆమె అన్నదే నిజమవుతుంది. ఉగ్గబట్టుకుని ఆగాడు.

చాలాసేపటికి అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. కిందికి, ఇంకా కిందికి దిగి, గేటు దాటి వినపడకుండా పోయాయి.

ఆమె తిరిగి కొలను దగ్గర పనిలో చేరిందని, గట్టు మీద కుర్చీ వేసుకుని నేర్పుతోందని తర్వాత విద్యార్థులు చెప్పారు. అతను ఇప్పటికీ అదే పాఠం చెబుతున్నాడు. పేషెంట్‌తో ముందు మాట్లాడమంటాడు, మిషన్ తర్వాత తీయమంటాడు. బాగా చెబుతాడని పేరు కూడా వచ్చింది.

ఆ రోజు మెట్ల మీద ఆమె ఆగింది ఊపిరి కోసమో, తను వస్తాడనో మాత్రం అతనికి తెలియలేదు.