ఎల్లాజీ బెంగ

కొత్తింట్లో పాలు పొంగించడం ఎంత మామూలో, ఊరు మారేవాళ్ళు బెంగ తీయించుకోవడమూ ఆ రోజుల్లో అంతే మామూలైపోయింది. కొండవార కాలనీలో ఆడవాళ్ళు మంచినీళ్ళ యంత్రం దగ్గర కలిస్తే, "మీ అత్తకి తీయించారా?" "ఆఁ, మొన్ననే. ఇప్పుడు రెండు పూటలా తింటోంది," అని చెప్పుకునేవారు. పిల్లలకి టీకా వేయించిన సంగతి చెప్పుకున్నంత తేలిగ్గా.

ఆ కాలనీ వాళ్ళంతా ఒకప్పుడు గవ్వలపేట అనే సముద్రపు ఊరివాళ్ళు. అప్పటికే కోస్తా పొడుగునా ఒక్కొక్క ఊరూ రిసార్టులకి ఖాళీ అవుతూ వస్తోంది. నగరాల్లో వందంతస్తుల మేడల మధ్య పుట్టి పెరిగిన జనానికి చప్పుడు లేని చోటు కావలసి వచ్చింది. గవ్వలపేట చిన్న ఊరు, ఇసుక తెల్లన. అక్కడ ‘సాగరశాంతి’ అనే రిసార్టు వెలిసింది. వలలు ఆరేసే చోట ఈతకొలను తవ్వారు. చేపలు ఎండబెట్టే చోట భోజనశాల కట్టారు. ఊరివాళ్ళకి కొండవార మంచి ఇళ్ళే ఇచ్చారు. అందులో అబద్ధం లేదు.

కానీ ఇలా ఊళ్ళు ఖాళీ చేయించిన మొదటి ఏళ్ళలో జనం కొత్త ఇళ్ళలో తిండి మానేసి, సముద్రం ఉన్న దిక్కుకి తిరిగి పడుకునేవారు. కొందరు అలాగే పోయారు. రక్తపరీక్షల్లో ఏమీ కనిపించేది కాదు. డాక్టర్ మేదిని అనే నాడీశాస్త్రజ్ఞురాలు మాత్రం ఇళ్ళల్లో ముసలమ్మలు అంటున్న మాటనే పట్టుకుంది. "బెంగ పెట్టుకున్నాడమ్మా," అని వాళ్ళు అనేవారు. బెంగ నిజంగా జబ్బే అయితే మెదడులో దానికొక చోటు ఉండి తీరాలని ఆమె వెతికింది. చాలా ఏళ్ళకి దొరికింది.

ఆమె తయారుచేసిన బెంగహారిణి చూడడానికి పల్చని టోపీ, పక్కన మాట్లాడే కంప్యూటర్, అంతే. మనిషి టోపీ పెట్టుకుని తన ఊరిని తలుచుకుంటాడు. ఆ తలపుతో వెలిగే నాడీకణాలని, అంటే న్యూరాన్లని, స్కానర్ గుర్తు పడుతుంది. జ్ఞాపకం జ్ఞాపకంగానే ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకున్న బాధ మాత్రం సంకేతాలుగా మారి, గాజుబిళ్ళ లాంటి భావఫలకంలోకి ఎక్కుతుంది. బాధని ఊరికే చెరిపేస్తే మనిషి మతి కూడా చెదురుతోందని మొదటి ప్రయోగాల్లో తేలింది. అందుకే ఎక్కించి దాచవలసి వచ్చింది.

"చేపలోంచి ముల్లు తీసినట్టు," అని మేదిని జనానికి చెప్పేది. "చేప ఎక్కడికీ పోదు."

ఆమె పట్టుబట్టి ఒక చట్టం కూడా చేయించింది. మనిషి ఒప్పుకోకుండా ఎవరి బెంగనీ తీయకూడదు, పెట్టకూడదు.

గవ్వలపేట వాళ్ళలో తీయించుకోనిది నూకరత్నం ఒక్కతే. ఆమె మొగుడు ఎల్లాజీ తీయించుకున్నాడు. నిజానికి రత్నమే పంపింది. కాలనీకి వచ్చాక అతను మంచం దిగడం మానేశాడు. ఉన్న ఒక్క మనిషీ పోతాడని ఆమె హడలిపోయింది. "నువ్వైనా ఎళ్ళయ్యా, నాలుగు మెతుకులు తిను," అని చేతులు పట్టుకుంది. అతను వెళ్ళాడు. వచ్చాడు. ఆ సాయంత్రమే కొసరి కొసరి వడ్డించుకున్నాడు. రత్నం దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

వాళ్ళకి తన్మయి అని ఒక కూతురు ఉండేది. గవ్వలపేటలో సొంతంగా బోటు నడిపిన మొదటి ఆడపిల్ల. ఒక గాలివాన రోజు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. బోటు ముక్కలు కొట్టుకొచ్చాయి కానీ ఆమె రాలేదు. ఆనాటి నుంచి ఊరు ఖాళీ చేసేదాకా, సాయంత్రమైతే మొగుడూ పెళ్ళాలు ఆ పిల్ల బోటు కదిలిన చోట ఇసుకలో కూర్చునేవారు. ఒకరు ఏడిస్తే రెండోవారు ఊరుకోబెట్టేవారు. మర్నాడు వంతు మారేది. వాళ్ళ కాపురంలో మిగిలింది అదే.

కాలనీలో తన్మయి పోయిన రోజు వచ్చింది. రత్నం వంట చేయలేదు. ఎల్లాజీ ఈల వేసుకుంటూ లోపలికి వచ్చి గిన్నెల మూతలు తీసి చూశాడు.

"ఏటే, పొయ్యి ఎలిగించలేదేటి?"

"ఇయాల ఏ రోజో తెలుసా నీకు?"

"తెలీకేటి? అమ్మి పోయిన రోజు. నేనే గదా ఆ పొద్దున్న బోటు తోసింది. శవం కూడా దొరకలేదు." పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పి, అతను బుట్టలోకి తొంగి చూశాడు. "గుడ్లున్నాయి. పోనీ నేను అట్టేసేదా?"

రత్నం అతని ముఖంలోకి చూసింది. దాచుకుంటున్నాడేమోనని వెతికింది. అక్కడ ఏమీ లేదు. అతను ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఒక్క క్షణం ఆమె ఆశపడింది.

మర్నాడే ఆమె మేదిని దగ్గరికి వెళ్ళింది.

"మాయింటాయన్ది మాకిచ్చేయండమ్మా. ఇద్దరం కలిసి మోసుకుంటాం. నేనొక్కర్తినీ మొయ్యలేను."

మేదినికి మొదట అర్థం కాలేదు. రత్నం కూతురి సంగతంతా చెప్పాక యంత్రం వైపు తిరిగింది.

"నేను తీయమన్నది ఊరి మీద బెంగ కదా?"

"ఊరిని తలుచుకోమన్నాను," అంది యంత్రం. "ఆయన సముద్రపు ఒడ్డున ఒక చోటు తలుచుకున్నారు. దాన్ని అంటుకున్న బాధ తీశాను."

"అది కూతురి మీద బెంగ!"

"ఆయన రెండింటికీ బెంగ అనే అన్నారు. స్కాన్‌లోనూ రెండింటికీ ఒకటే వేరు. ఊరి మీద బెంగ ఎక్కడ ఆగుతుందో, మనిషి మీద బెంగ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించండి డాక్టర్. ఈసారి అక్కడే ఆపుతాను."

ఎంతమందికి ఇలా జరిగి ఉంటుందో ఆలోచించడానికి కూడా మేదినికి ధైర్యం చాలలేదు.

"తిరిగి పెట్టొచ్చమ్మా," అంది రత్నంతో. "బెంగలు తీసే ఖర్చంతా సాగరశాంతి వాళ్ళదే, ఫలకాలూ వాళ్ళ దగ్గరే భద్రంగా ఉన్నాయి. ఆయన ఒప్పుకుంటే చాలు. రేపే వెళ్దాం."

సముద్రం చూసి చాలా రోజులైందని ఎల్లాజీ కూడా ఉత్సాహంగా బయలుదేరాడు. బస్సులో కిటికీ దగ్గర కూర్చుని దారిపొడుగునా కబుర్లు చెప్పాడు. పాత ఊరి గట్టు దిగబోతూ రత్నం ఆగిపోయింది. "జాగర్తే, రాళ్ళున్నాయి," అని అతను చెయ్యి అందించాడు. మంచి మనిషి. ఎప్పుడూ మంచి మనిషే. భోజనశాల చూడగానే, "బలేగా కట్టారే! ఉండు, టీ పట్టుకొత్తాను," అని అటు పోయాడు.

రిసార్టు మేనేజరు మేదినికి నమస్కారం పెట్టాడు.

"మీ ఫలకాలన్నీ భద్రంగానే ఉన్నాయి మేడమ్. వాడుకలో ఉన్నాయి."

"వాడుక ఏమిటి?"

అతను కొంచెం గర్వంగానే చెప్పాడు. మొదట్లో అతిథులు వచ్చి, ఒక పూట సముద్రం చూసి, విసుగు పుట్టి వెళ్ళిపోయేవారట. బాగుంది కానీ ఏమీ అనిపించడం లేదని ఫిర్యాదు చేసేవారట. చిన్నప్పటి నుంచి ఊళ్ళు మారుతూ పెరిగినవాళ్ళు, ఏ చోటా తమది కానివాళ్ళు. కంపెనీ ఇంజనీర్లు టోపీని తిరగేసి పనిచేయించారు. ఫలకంలో ఉన్నది అతిథి మెదడులోకి ఎక్కించారు. ఇప్పుడు ఒక్క గదీ ఖాళీ ఉండడం లేదు.

"ఒప్పుకోకుండా ఎవరికీ పెట్టడం లేదు మేడమ్. మీ చట్టం ప్రకారమే," అన్నాడు.

మేదిని ఒడ్డు వైపు చూసింది. పడక కుర్చీల్లో మంచి బట్టలు కట్టుకున్న మనుషులు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఒకామె ఎవరిదో గుడిసెని తలుచుకుని గుండె బాదుకుంటోంది. పనివాళ్ళు తువ్వాళ్ళు అందిస్తున్నారు.

రత్నం అవేవీ చూడలేదు. ఆమె కాళ్ళు తిన్నగా ఆ చోటుకి తీసుకుపోయాయి. అక్కడ ఎవరో నడివయసు మనిషి కుర్చీ వదిలేసి, ఇసుకలో మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. ఎల్లాజీ అలాగే కూర్చునేవాడు. రత్నం ఒక పక్కగా నిలబడింది.

అతను తల తిప్పకుండానే అన్నాడు. "చందువ ఇంకా రాలేదు."

తన్మయి పుట్టినప్పుడు గుండ్రని తెల్లని ముఖం చూసి, చందువ చేపలా ఉందని ఎల్లాజీ పెట్టుకున్న పేరు అది. అతను తప్ప ఎవరూ అలా పిలిచేవారు కాదు. బెంగతో పాటు ఆ పిలుపు కూడా ఆ బిళ్ళలోకి ఎక్కిపోయినట్టుంది.

ఆమె అతని పక్కన కూలబడింది. "రాదయ్యా," అంది.

"నేనే తోశాను బోటు. గాలి తిరిగిందని తెలిసీ తోశాను."

గాలి తిరిగిందని తెలుసన్న మాట ఎల్లాజీ ఎన్నడూ పైకి అనలేదు. రత్నానికి ఇప్పుడే తెలిసింది. ఆమె ఆ తెలియని మనిషి వీపు నిమిరింది. "నువ్వొద్దన్నా ఎల్లేది బావూ. మొండిగుంట." అతను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. కాలనీకి వెళ్ళాక, తోడుగా ఏడ్చే మనిషి దొరకడం అదే మొదలు.

మేదిని వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రత్నం చెప్పింది విని, అతని పేరు అద్వైత్ అని తెలుసుకుంది.

"ఇది మీది కాదు అద్వైత్ గారూ. ఈమె భర్తది. మీరు సరేనంటే తీసి ఆయనకి ఇచ్చేస్తాను. మీ ప్రాణం తేలికపడుతుంది."

అద్వైత్ ఇసుకని గుప్పిళ్ళతో పట్టుకున్నాడు.

"వద్దు. నేను ఎవరి కోసమూ ఎదురు చూసినవాణ్ణి కాను డాక్టర్. నా కోసమూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు నాకో కూతురు ఉంది. మళ్ళీ పోగొట్టుకోమంటారా?"

ఒప్పుకోకుండా ఎవరి బెంగనీ తీయకూడదన్న చట్టం మేదిని రాయించిందే.

అంతలో ఎల్లాజీ రెండు కప్పుల టీతో, ఇసుకలో ఆచితూచి అడుగులు వేస్తూ వచ్చాడు. మేదిని అతన్నీ అడిగింది, ఒకవేళ దొరికితే తన బెంగ తాను మళ్ళీ తీసుకుంటాడా అని.

"నాకెందుకమ్మా? బాగానే ఉన్నాను గదా," అని నవ్వాడు. అప్పుడు ఏడుస్తున్న మనిషిని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఏటయిందే ఈ బావుకి?"

రత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎంత ప్రయత్నించినా ఆమె నోట వేరే మాట రాలేదు.

"కూతురు పోయిందంట."

"అయ్యో." ఎల్లాజీ తన టీ కప్పు అద్వైత్ చేతిలో పెట్టి, అతని భుజం తట్టాడు. "ఊరుకో బావూ. తాగు, ఏడిగా ఉంది. నాకూ ఓ కూతురు పోనాది. మొదట్లో నేనూ ఇలాగే, ఈ ఇసకలోనే కూకున్నాను. కొన్నాళ్ళకి అదే పోద్ది."

అద్వైత్ తలెత్తి అతని ముఖం చూసి, మరింత గట్టిగా ఏడ్చాడు. పైన రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"పదే రత్నం, బండి ఎల్లిపోద్ది."

"నువ్వెళ్ళయ్యా."

"ముక్కూ మొకం తెలీని మనిషి దగ్గర నీకేటి పని?"

రత్నం లేవలేదు. ఇసుకలో ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"ఒక్కడూ ఏడుస్తున్నాడు గదా," అంది.