రుక్కమ్మ భుజం ఆనించిన చోటు

కురుమూర్తి భార్యను పిలవడానికి నోరు వాడడు, బండి హారన్ వాడతాడు. ఒకసారి కొడితే బయల్దేరమని. రెండుసార్లు కొడితే ఇంకా ఏం చేస్తున్నావని. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో బండ్లు మారాయి గానీ పద్ధతి మారలేదు. ఆ రోజు పొద్దున వీపనగండ్లలో వాళ్ల ఇంటి ముందు హారన్ నాలుగుసార్లు మోగింది. రుక్కమ్మ రాలేదు.

ఐదోసారి కొట్టబోయి, విసుగ్గా దిగి లోపలికి వచ్చాడు. రుక్కమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం వనపర్తి నుంచి వచ్చిన కూతురు శ్రీవాణి తల్లికి తల దువ్వుతోంది. పక్కన బట్టల సంచి.

"ఏందే, పల్లికాయ పీకేటోళ్లు వచ్చే యాళ్లాయె. నువ్వు గిట్ల జడేసుకుంట కూసున్నవ్?"

"అమ్మ రాదు నాయనా," అంది శ్రీవాణి. "నాలుగు గంటల బస్సుకు నాతోని వస్తది. ఇంగ వనపర్తిలనే ఉంటది."

"ఎన్ని దినాలు?"

"తెల్వదు. మల్ల రాకపోవచ్చు."

కురుమూర్తి రుక్కమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"అమ్మకు దినాం తల ఎవరు దువ్వుతుండ్రో ఎరుకనా నీకు? పక్కింటామె. చెయ్యి పైకి లేస్తలేదు. ఇంగ బరువు లేపితే ఆ భుజం పనికిరాదన్నడు దవాఖానల డాక్టరు."

"ఆమె బరువు లేపేది యాడ? ఎరువు మూటలు నేను దించుత. నీళ్లకు మోటరుంది. పీకనీకె కూలోళ్లున్నరు. ఆమె లేపేదేంది?"

"గేటు," అంది రుక్కమ్మ.

కురుమూర్తి నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"గేటా! జర లేపి తోస్తే పోతది. గంత దానికే భుజం పోతదా?"

రుక్కమ్మ తలెత్తింది. "గేటు కుంగింది, మంచిగ చెయ్యమని ఎన్నిసార్లు చెప్పిన? చేస్త, చేస్త అంటివి. పోయేటప్పుడు తియ్యాలె, ఎయ్యాలె. వచ్చేటప్పుడు తియ్యాలె, ఎయ్యాలె. తెరిచిపెడితే అడివి పందులు చేనంత తొవ్విపోతయి. తొమ్మిదేండ్ల సంది నువ్వు బండి మీద కూసుంటవ్, నేను దిగుత. ఒక్క దినమన్న నువ్వు దిగినవా?"

దిగానని చెప్పడానికి కురుమూర్తి నోరు తెరిచాడు. ఏ రోజు దిగాడో వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు సిగ్గు రావాలి, కోపం వచ్చింది.

"పో! నువ్వు లేకుంటే చేను పండదా?" అని అరిచి, అన్నం గిన్నె కూడా తీసుకోకుండా బండి ఎక్కాడు.

చేను దగ్గర గేటు ముందు ఆగి హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. ఎవరు వస్తారు? చేనులో నెమలి ఒకటి తలెత్తి చూసి మళ్లీ తన పనిలో పడింది. తిట్టుకుంటూ దిగాడు.

ఒక పక్క కడీకి, అంటే రాతి స్తంభానికి, బిగించి ఉన్నా, రెండో పక్క గేటు కొస నేలలో దిగబడి ఉంది. ఒక చేత్తో తోస్తే కదల్లేదు. రెండు చేతులతో లేపబోతే నడుం పట్టేసింది. చివరికి వంగి, భుజం ఆనించే చోటు కోసం చూశాడు. అప్పుడు కనిపించింది. ఒకచోట చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. తన భుజం ఎత్తుకు కాదు, కొంచెం కిందికి. దానికి సూటిగా నేల మీద రెండు పాదాలు ఊనిన గుంటలు. ఆయన చెప్పులు ఆ గుంటల్లో పట్టలేదు.

ఆ పూట ఏ పనీ చేతికి రాలేదు. మోటరు వేసి ఆపాడు, ఆపి వేశాడు. కూలీలు ఒకటి అడిగితే ఇంకొకటి చెప్పాడు. గట్టు మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ గేటు దగ్గరికే వెళ్లి ఆ నున్నటి చోటు తడిమాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఇక ఉండలేక వడ్రంగి వెంకట్రాములును బండి మీద తీసుకొచ్చాడు.

వెంకట్రాములు గేటు చుట్టూ ఒకసారి తిరిగి, మూల నుంచి మూలకు వేసిన చెక్క మీద వేలు పెట్టాడు. "అన్నా, గిది ఉల్టా ఉంది. కింద కడీ కాడి నుంచి ఎత్తుకొని పై కొసకు పోవాలె. అప్పుడే బరువు మోస్తది. గిట్లుంటే ఏలాడుతది. ఎవరు పెట్టిండ్రు?"

"నేనే," అన్నాడు కురుమూర్తి. "మొదలు సక్కగనే ఉండె. ట్రాక్టర్ తగిలి ఆ దిక్కు రాతి కడీ ఇరిగితే, గేటు తెచ్చి ఈ కడీకి బిగించిన."

"గేటును మార్చినవ్, చెక్కను మార్చలే."

"ఎంత సేపు పని?"

"అద్దగంట."

కురుమూర్తి కొస కింద రాయి పెట్టి గేటును సమంగా లేపి పట్టుకున్నాడు. వెంకట్రాములు చెక్క ఊడదీసి, రెండో మూలకు తిప్పి మేకులు దిగ్గొట్టాడు. రాయి తీశారు. గేటు నేలకు బెత్తెడు పైన నిలబడింది.

మూడున్నరకు బస్టాండులో బండి ఆగింది. హారన్ మోగలేదు. కురుమూర్తి దిగి, నలుగురి మధ్యలోంచి నడిచి వచ్చి, "రుక్కమ్మా," అని పిలిచాడు. "ఒక్కసారి చేనుకాడికి రా. బస్సు అందిస్త."

శ్రీవాణి ఏదో అనబోయింది. రుక్కమ్మ ఆయన ముఖం చూసి, సంచి కూతురి చేతికిచ్చి బండెక్కింది.

గేటు ముందు బండి ఆగీ ఆగకముందే అలవాటుగా దిగేసింది. "ఆగు, నేను తీస్త," అని కురుమూర్తి స్టాండు వేసేలోపే, ఎప్పటి చోట భుజం ఆనించి, పాదాలు ఊని, పళ్లు బిగబట్టి ఒక్క తోపు తోసింది.

గేటు చప్పుడు లేకుండా విసురుగా వెళ్లిపోయింది. దాంతోపాటే రుక్కమ్మ నాలుగడుగులు తూలి మోకాళ్ల మీద పడింది.

కురుమూర్తి పరుగెత్తాడు. ఆమెను లేపి, చీరకంటిన మట్టి దులుపుతూ దులుపుతూ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఆమె ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చి పడిందో చూశాడు.

"దినాం గింత బలం పెడుతుంటివా?"

కురుమూర్తి అక్కడే కడీకి ఆనుకుని కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పైంది రుక్కమ్మా. అద్దగంట పని. అద్దగంట పనే."

"పడ్డది నేను, ఏడ్చేది నువ్వా?" అంది ఆమె. కొంగుతో ఆయన ముఖం తుడవబోతే ఆమె కళ్లే ముందు కారాయి.

"పో," అన్నాడు కళ్లు తుడుచుకుని. "బిడ్డ కాడ ఉండు. భుజం మంచిగయ్యేదాంక ఉండు. అటెన్క నీకు రాబుద్దైతేనే రా."

"రాకుంటే నీ హారన్ ఎవరింటరు?"

బస్సుకు టైమవుతోంది. ఆమె గేటు వైపు అడుగు వేసింది. "నువ్వు కూసో," అని కురుమూర్తి ఆమెను బండి మీద కూర్చోబెట్టి, వెళ్లి గేటు వేశాడు. ఒక్క చెయ్యి చాలింది. రుక్కమ్మ బండి మీద కూర్చుని చూస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్లో పెట్టుకుంది.