ఆరో నంబరు బోర్డు

హరిణి కనిపించడం లేదు. ఆమె చేతిలో ఎనిమిది నెలల పాప. పుణె నుంచి బయల్దేరిన విమానం పొద్దున ఎనిమిదింటికే శంషాబాద్‌లో దిగింది. ఇప్పుడు పదకొండు దాటింది. ఫోన్ స్విచ్చాఫ్.

ఇంటివాళ్ళు పిలిస్తే వచ్చిన డిటెక్టివ్ వర్ణిక ఫిల్మ్ నగర్‌లోని హరిణి పుట్టింటి ముందు స్కూటర్ ఆపింది. గేటు పక్కన, గోడకి ఆనుకుని డ్రైవర్ నర్సింలు నేల మీద కూర్చున్నాడు. ఎడమ చెంప మీద వేళ్ళ అచ్చులు. పక్కింటి వాచ్‌మన్, ఎదురింటి పనిమనిషి, ఇస్త్రీ బండి అతను... అందరూ నిలబడి చూస్తున్నారు. నర్సింలు మాత్రం ఎవరి మొహమూ చూడటం లేదు.

కొట్టినవాడు బసవపున్నయ్య. హరిణి తండ్రి. తెనాలి నుంచి వచ్చి సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌గా తల నెరిసినవాడు. హీరోయిన్ విమానం దిగి బయటికొచ్చేసరికి ఎదురుగా కారు ఉండాలి. ఆ పనిలో ఆయనకి ఆయనే సాటి. అలాంటి మనిషి సొంత కూతురు ఎయిర్‌పోర్టు నుంచి ఇల్లు చేరలేదు. దీపం కింద చీకటంటే మరేమిటి?

"వీడే ఏదో చేశాడమ్మా! పనిలో చేరి పదిరోజులు కాలేదు. అరగంట చూస్తాను. తర్వాత స్టేషన్‌కి అప్పగించేస్తా. ఎస్సైగారితో మాట్లాడేశాను" అన్నాడు బసవపున్నయ్య.

"ఈ అరగంట ఎందుకు ఆగుతున్నారు?"

జవాబు ఆయన భార్య సత్యలక్ష్మి ఇచ్చింది.

"టీవీలో వస్తే పరువు పోతుందటండీ! పిల్లా, పిల్ల బిడ్డా ఏమయ్యారో తెలీదు. ఈయనకి పరువు కావాల్సొచ్చింది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బసవపున్నయ్య చేతిలో ఫోన్ మోగింది. చూసి, బొటనవేలితో కట్ చేశాడు.

వర్ణిక నర్సింలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నీ ఫోన్ ఇటివ్వు."

"తీస్కోన్రి మేడం. జేబులు గూడ చూడున్రి."

కాల్స్ చూసింది. మెసేజీలు చూసింది. ఏమీ లేవు. స్క్రీన్ మీద అతని కూతురి ఫోటో ఉంది, స్కూల్ యూనిఫాంలో. ఆ ఫోటో చూశాక వర్ణికకి ఫోన్ తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు. కానీ ప్రశ్నలు ఆగకూడదు.

"ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు వెళ్ళావు?"

"ఏడున్నరకే పోయిన."

"నువ్వు పట్టుకున్న బోర్డు మీద ఏం రాసి ఉంది?"

"ప్రొడక్షన్ నంబర్ ఆరు."

వర్ణిక తలెత్తింది. "అమ్మాయి పేరు లేదా?"

"మేం పేర్లు రాయం" అన్నాడు బసవపున్నయ్య. "హీరోయిన్ పేరు రాస్తే జనం మీద పడతారు. అందుకని కంపెనీ తీస్తున్న ఎన్నో సినిమానో ఆ నంబరు రాస్తాం. ఇది ఆరోది."

"మీ అమ్మాయి మీద ఎవరు పడతారండీ?"

"అలవాటు..." అని గొణిగాడు.

వర్ణిక మళ్ళీ నర్సింలు వైపు తిరిగింది. "ఎవరొచ్చారు?"

"ఒక మేడం. పాపనెత్తుకొని ఒక్కతే వచ్చింది. బోర్డు చూసి నవ్వింది. 'కారు మాకేనా?' అన్నది. పాపతోని ఒక్కతే వస్తదని సారు చెప్పిండు గద. ఎక్కించుకున్న."

"పేరడగలేదా?"

"సారు బిడ్డను పట్టుకొని నీ పేరేందని అడుగుతనా మేడం? బాగుంటదా?"

"ఎక్కడ దింపావు?"

"షూటింగ్ కాడికి పోనియ్యమన్నది. నాయినను చూసి పోతదేమో అనుకున్న. జూబ్లీహిల్స్ బంగళ గేటు కాడ దింపిన."

"అబద్ధం!" బసవపున్నయ్య అరిచాడు. "పదింటిదాకా నేను ఆ బంగళాలోనే ఉన్నాను! నా కూతురు వస్తే నాకు తెలీదా?"

మళ్ళీ చెయ్యి లేచింది. వర్ణిక అడ్డం నిలబడింది.

"కారు ఏదీ?"

కారు గేటు పక్కనే ఉంది. వెనక తలుపు తెరిచింది. పిల్లల సీటు బిగించి ఉంది. దాని బెల్టులు ఇంకా షాపువాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి. వర్ణిక ఆ కవరుని వేలితో తాకి చూసింది. ఎవరూ విప్పలేదు.

"ఈ సీటు ఎవరు పెట్టించమన్నారు?"

"హరిణే" అంది సత్యలక్ష్మి. "ఒక్కతినే వస్తున్నాను, సీటు లేకపోతే కారు ఎక్కనని మొండికేసింది. మేమంతా ఒళ్ళో పెరిగినవాళ్ళం కామా అని ఈయన విసుక్కున్నారు కూడా."

"నర్సింలూ, ఆవిడ పాపని ఎక్కడ కూర్చోబెట్టింది?"

"ఒళ్ళెనే పెట్టుకున్నది. ఆ పిల్లల సీటు మీద సంచి పెట్టింది."

వర్ణిక సత్యలక్ష్మి ఫోన్ తీసుకుంది. హరిణి ఫోటో తెరిచి నర్సింలుకి చూపింది.

"ఈవిడేనా?"

నర్సింలు ఫోటో వంక చూశాడు. మళ్ళీ చూశాడు.

"కాదు మేడం. ఈమె గాదు."

ఇస్త్రీ బండి అతను పెట్టె ఎత్తి పక్కన పెట్టాడు.

"బసవపున్నయ్యగారూ, ఈ ఫోటో అతనికి ముందే ఎందుకు చూపించలేదు?"

ఫోటో చూపించడానికి ఒక్క నిమిషం చాలు. చెంప పగలగొట్టడానికి ఆ నిమిషం కూడా పట్టలేదు మరి!

"మీ సెట్లో ఇవాళ పసిబిడ్డతో పనేమైనా ఉందా?"

బసవపున్నయ్య మొహం పాలిపోయింది. "ఉయ్యాల సీను... రాజమండ్రి నుంచి ఒకావిడ బిడ్డతో వస్తుంది. బిడ్డ అలిసిపోయి ఏడిస్తే షాట్ పాడవుతుందని విమానం టికెట్ తీశాం."

"కారు?"

"చిన్న ఆర్టిస్టులకి కారు పెట్టం. ఎయిర్‌పోర్టు నుంచి బస్సులో వచ్చేయమన్నాం."

అందరూ అదే కారెక్కారు. నర్సింలే నడిపాడు.

జూబ్లీహిల్స్ బంగళాలో లైట్లు సర్దుతున్నారు. వెనక వైపు, జనరేటర్ వ్యాన్ పక్కన మెట్ల మీద రాజమండ్రి నుంచి వచ్చిన పూజిత కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ. నర్సింలుని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"మీరేనాండీ! బోర్డు మీద మన సినిమా నంబరు చూసి ఎక్కేశాను. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పానండీ, మాకోసం కారు పంపారు, బిడ్డకి సీటు కూడా పెట్టారు అని. బెల్టు ఎలా పెట్టాలో తెలీక ఒళ్ళోనే పెట్టుకున్నాను." అందరి మొహాలూ చూసి ఆమె గొంతు తగ్గిపోయింది. "ఏమండీ... ఆ కారు మాది కాదా? నేనేమైనా తప్పు చేశానా?"

బసవపున్నయ్య తల వంచుకున్నాడు. పసిబిడ్డ తల్లిని సంచులతో బస్సెక్కమన్నది తనే. కారు దొరికితే ఆమె ఇంత సంబరపడింది. ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు మొహం మీదే కనిపించింది.

"తప్పు నీది కాదమ్మా" అంది వర్ణిక.

"మరి నా కూతురేదీ?" సత్యలక్ష్మి వర్ణిక చెయ్యి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే బసవపున్నయ్య ఫోన్ మళ్ళీ మోగింది. ఆయన చూశాడు. కట్ చేశాడు.

"ఆగండి! ఎవరది?"

"ఎవరో కొత్త నంబరమ్మా. వేషాల కోసం చేస్తుంటారు. తెలీని నంబర్లు ఎత్తితే ఈ పనిలో మేం బతకలేం."

"ఇంటి దగ్గర కూడా ఒకటి కట్ చేశారు. ఫోన్ ఇలా ఇవ్వండి."

వర్ణిక కాల్స్ తెరిచి స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. పైనుంచి కిందిదాకా ఎర్రగా ఒకే నంబరు. మొదటి కాల్ తొమ్మిదింటికి.

"హరిణి ఫోన్ పనిచెయ్యడం లేదని మనందరికీ తెలుసు. అంటే ఆమె చేస్తే వేరే ఎవరి ఫోన్ నుంచో చెయ్యాలి. అది మీకు కొత్త నంబరే అవుతుంది. కూతురి కోసం ఊరంతా వెతుకుతున్నారు. ఆమె పిలుస్తుంటే మీ వేలే కట్ చేస్తోంది."

ఆమె ఆ నంబరుకి డయల్ చేసి స్పీకర్ పెట్టింది.

"హలో, ఎయిర్‌పోర్ట్ ట్యాక్సీ కౌంటర్ నుంచి రష్మినండీ. అయ్యో, ఇప్పటికి ఎత్తారా! ఉండండి, మేడమ్‌కి ఇస్తా."

"నాన్నా?"

సత్యలక్ష్మి అక్కడే మెట్టు మీద కూలబడింది. వర్ణికే అడిగింది. "హరిణీ, పాప ఎలా ఉంది?"

"పడుకుందండీ. ఒక చేత్తో పాప, ఒక చేత్తో సంచి... దిగేటప్పుడు ఫోన్ జారి పగిలిపోయింది. బయట నా పేరున్న బోర్డు కోసం ఎంతసేపు చూశానో! వీళ్ళ దగ్గర పాప సీటున్న కారు లేదు. మనిషొస్తాడు, అక్కణ్ణించి కదలొద్దని నాన్న అన్నాడు కదా, ఇక్కడే కూర్చున్నా." పాపని జోకొడుతున్న చప్పుడు వినిపించింది. "నాకు కంఠతా వచ్చిన నంబరు ఇదొక్కటే నాన్నా. చిన్నప్పుడు నువ్వే నేర్పావు, ఎక్కడైనా తప్పిపోతే చెయ్యమని."

బసవపున్నయ్య ఏడ్చాడు. లైట్‌బాయ్‌లూ, మేకప్‌వాళ్ళూ చూస్తున్నా ఆపుకోలేకపోయాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు. ఎస్సైకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. అసిస్టెంటుని పిలిచి, పూజిత తిరిగి వెళ్ళేటప్పుడు కారు పెట్టమన్నాడు. అప్పుడు నర్సింలు వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు.

"నడున్రి సార్" అన్నాడు నర్సింలే. "పాప ఆకలికి లేస్తదేమో. జల్ది పోదాం."

ఎయిర్‌పోర్టులో బసవపున్నయ్య బోర్డు తిరగేశాడు. వెనక వైపు సొంత చేతిరాతతో 'హరిణి' అని రాశాడు. ఇన్నేళ్ళలో ఆయన బోర్డు పట్టుకుని నిలబడటం ఇదే మొదటిసారి. జనం తోసుకుంటూ పోతున్నారు. పట్టుకునే నిలబడ్డాడు.

హరిణి బయటికొచ్చింది. తండ్రిని చూసింది. కోప్పడలేదు. పాపని తల్లి చేతుల్లో పెట్టి, కార్లో సీటు బెల్టుల కవరు విప్పుతూ నర్సింలుని చూసింది.

"అన్నా, చెంపకేమైంది?"

నర్సింలు పక్కకి తిరిగాడు. "ఏం లేదమ్మా."

"నేను కొట్టాను" అన్నాడు బసవపున్నయ్య. "నిన్ను ఏదో చేశాడనుకున్నాను. నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు. నేను ఎత్తకుండా ఇతన్ని కొట్టాను."

హరిణి చేతులు బెల్టు మీదే ఆగిపోయాయి. తండ్రి మొహంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగింది.

బసవపున్నయ్య చేతులు జోడించబోయాడు. "నర్సింలూ, నన్ను..."

"గీడ గాదు సార్." నర్సింలు గొంతు పెంచలేదు. "గీడ నన్నెవరు ఎరుగరు. మీ గేటు కాడ చెప్పున్రి. గాడనే అందరు చూసిన్రు."

కారు ఫిల్మ్ నగర్‌లో ఆ గేటు ముందు ఆగింది. ఇస్త్రీ బండి అక్కడే ఉంది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీంచి పనిమనిషి తొంగి చూసింది.

బసవపున్నయ్య దిగాడు. గోడ పక్కన, పొద్దున నర్సింలు కూర్చున్న చోటే నిలబడి చేతులు జోడించాడు.

"ఇతను ఏ తప్పూ చెయ్యలేదు" అన్నాడు, వీధంతా వినేట్టు. "తప్పు నాది. నర్సింలూ, నన్ను క్షమించయ్యా."

వర్ణిక వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. అనుమానంతో నర్సింలు ఫోన్ తెరిచి చూసినది తనే.

"నాది కూడా" అంది.

నర్సింలు వాచ్‌మన్ వంక చూశాడు. ఇస్త్రీ బండి అతని వంక చూశాడు. పొద్దున్నుంచి మొదటిసారి వాళ్ళ కళ్ళలోకి చూశాడు.

తర్వాత వెనక తలుపు తెరిచి, పాప లేవకుండా మెల్లగా సంచులు దింపాడు.