తొమ్మిదో బేలో తట్టేవాడు

తొమ్మిదో బేలో విమానం ఆపితే, తలుపులన్నీ వేశాక దాని పొట్టలోంచి ఎవరో తడతారని ఆ కార్గో షెడ్డులో అందరికీ తెలుసు. తట్టేవాడికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు — పెద్దాయన.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేశాను. అర్ధరాత్రి మేడ మీద దుప్పటి కప్పుకుని తిరిగిన దెయ్యాలన్నీ, తీరా చెయ్యి పట్టుకుని చూస్తే, ఫోన్లో గుసగుసలాడుకునే అమ్మాయిలే. అందుకే మా అక్క కూతురు ఈ సంగతి మొదలుపెట్టగానే నవ్వాను. చివరికొచ్చేసరికి నవ్వు రాలేదు. అది నాకెలా చెప్పిందో అలాగే చెబుతాను, వినండి.

పిల్ల కార్గో విమానాల్లో కో-పైలెట్. చేరి నాలుగు నెలలు. "మీ అమ్మాయి పైలెట్టట కదా, మాకేమైనా టికెట్లు..." అని నసిగే చుట్టాలకి మా అక్క దగ్గర ఒకటే జవాబు. "అట్టపెట్టెలో కూర్చుంటానంటే ఎక్కిస్తుందిలే."

లైసెన్సు చేతికొచ్చాక మూడేళ్ళు ఖాళీగా కూర్చుంది పాపం. ఎక్కడ దరఖాస్తు పెట్టినా అనుభవం ఉందా అని అడిగినవాళ్ళే గాని, ఆ అనుభవం ఇస్తామన్న మహానుభావుడు ఒక్కడు లేడు. ఆఖరికి ఇది దొరికింది. దొరికిందంటే, ఇంకా పూర్తిగా చేతికి చిక్కలేదు. ఒక సీనియర్ కెప్టెన్ పక్కన కూర్చుని దాని పని చూసి, పనికొస్తుందని కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం. పెట్టకపోతే ఇంటికి. ఆ రాత్రి అది వెళ్ళింది ఆ సంతకం కోసమే.

ఆ కెప్టెన్ని అందరూ గడియారం అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన వల్ల ఏ విమానమూ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదట. మాట తక్కువ. కొత్తవాళ్ళ మీద అరవడు, కళ్ళజోడు పైనుంచి ఊరికే చూస్తాడు. దీనికి ముందొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఆ చూపు తట్టుకోలేక మూటాముల్లె సర్దుకున్నారని షెడ్డులో చెప్పుకుంటారు.

పెద్దాయన కథ పిల్లకి మొదటి వారంలోనే చెప్పేశారు. రెండేళ్ళ కిందట ఒక లోడరు, సరుకు ఎక్కించే మనిషి, ఆ బేలోనే విమానం కింది అరలో పెట్టెలు సర్దుతూ గుండె ఆగి పోయాడు. ఎవరూ చూసుకోలేదు. తలుపు వేశారు, విమానం ఎగిరింది. అవతల సరుకు దింపేటప్పుడు పెట్టెల వెనక కనిపించాడు. తలుపు వేసేసరికే ప్రాణం పోయి ఉంటుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని పెద్దవాళ్ళు తేల్చారు. ఆ తర్వాత నుంచే ఈ తట్టడం.

ఇంజనీర్లు మాత్రం కొట్టిపారేస్తారు. పగలంతా ఎండకి కాగిన రేకు రాత్రి చల్లబడుతూ టక్కు టక్కుమంటుంది, అంతే అంటారు. కావచ్చు. అయినా అక్కడ ఒక అలవాటు పడిపోయింది. బయల్దేరేముందు పైలెట్లలో ఒకరు టార్చి పట్టుకుని విమానం చుట్టూ ఆఖరిసారి తిరిగి చూడాలి. తొమ్మిదో బేలో తిరిగేటప్పుడు లోపల చప్పుడైతే, కింది అర తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, "వెళ్ళొస్తాం పెద్దాయనా" అనాలి. అని, వెనక్కి చూడకుండా నిచ్చెన ఎక్కెయ్యాలి. షెడ్డులో మేస్త్రీ దగ్గర్నుంచి కెప్టెన్ల దాకా అందరూ ఇదే చేస్తారు.

ఆ రాత్రి రెండున్నరైంది. సన్నగా తుంపర. మందుల పెట్టెలు ఎక్కించడం అయిపోయింది. కింది అర తలుపు వేసేశారు. ఆ పెట్టెల మధ్య, మందులు పాడవకుండా డ్రై ఐస్ కూరుస్తారు. అది నీళ్ళయి కారదు, పొగలా ఆవిరైపోతుంది. ఆ పొగ మూసిన గదిలో నిండితే మనిషికి ఊపిరందదు. చదువుకునేటప్పుడే నేర్పుతారట.

పిల్ల టార్చి వేసుకుని చక్రాలు చూసింది. ఇంజన్లు చూసింది. తోక కిందనుంచి ఇటు వస్తోంది...

టక్.

ఆగింది.

టక్... టక్.

"కాళ్ళు అక్కడే అతుక్కుపోయాయి పిన్నీ" అంది నాతో. "నేను దేనికీ భయపడనని మీరంతా అనుకుంటారు గాని, ఆ క్షణంలో పరిగెత్తడానికి కూడా చేతకాలేదు."

ఎలాగో చెయ్యెత్తి తలుపు మీద రెండు దెబ్బలు చరిచింది. "వెళ్ళొస్తాం పెద్దాయనా" అంది.

లోపల నిశ్శబ్దం. హమ్మయ్య అనుకుని అడుగు తీసింది.

టక్. టక్.

రెండు. సరిగ్గా రెండు.

నేనైతే అక్కణ్ణుంచి మాయమయ్యేదాన్ని. ఈ పిల్ల చిన్నప్పట్నుంచీ అంతే, గోడ గడియారం ఎలా నడుస్తోందో విప్పి చూడందే అన్నం తినేది కాదు. వెనక్కి తిరిగింది. ఈసారి మూడు దెబ్బలు చరిచింది. చెవి తలుపుకి ఆనించింది.

టక్... టక్... చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో అడుగున — టక్.

చల్లబడే రేకుకి లెక్కలు రావు కదా.

నిచ్చెన రెండేసి మెట్లు ఎక్కి కాక్‌పిట్‌లో పడింది. కెప్టెన్ మోకాలి మీద కాగితాలు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"సార్... కింది అరలో తడుతున్నారు."

"తొమ్మిదో బే కదమ్మా" అన్నాడు, తలెత్తకుండా.

"నేను మూడుసార్లు చరిస్తే మూడుసార్లు తట్టారు సార్."

ఆయన పెన్ను ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"చరిచి వచ్చెయ్యమన్నారు గాని, నిలబడి కబుర్లు చెప్పమన్నారా?"

"తలుపు తీయిద్దాం సార్. ఒక్కసారి."

"పదకొండు నిమిషాల్లో కదలాలి. ఇది తప్పితే ఇంకో రెండు గంటలు మనకి దారివ్వరు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఏం రాస్తావు? దెయ్యం తట్టిందనా?"

పిల్ల సీట్లో కూర్చోకుండా నిలబడే ఉంది.

"నీ కాగితం ఇంకా నా దగ్గరే ఉందమ్మా" అన్నాడు మెల్లగా.

"అప్పుడేమనిపించిందే నీకు?" అని అడిగాను.

"అమ్మ గుర్తొచ్చింది. మూడేళ్ళు నన్ను ఎవరేమడిగినా నా తరఫున తనే జవాబు చెప్పుకుంది. ఇంటికెళ్ళి ఏమని చెప్పను, దెయ్యానికి జడిసి ఉద్యోగం పోగొట్టుకున్నానని చెప్పనా? సీట్లో కూర్చున్నాను పిన్నీ. నిజం చెబుతున్నా, బెల్టు కూడా పెట్టుకున్నాను."

పెట్టుకుని, తీసేసింది. కిటికీలోంచి కిందికి వంగి లోడర్ల మేస్త్రీని పిలిచింది.

"మేస్త్రీగారూ, మీవాళ్ళందరూ ఉన్నారా?"

"పన్నెండుగురూ ఉన్నారమ్మా. ఇప్పుడే డ్యూటీ దిగారు. జాకెట్లు లెక్కపెట్టాను."

అక్కడ పద్ధతి అది. లోడర్లకి మెరిసే పచ్చ జాకెట్లుంటాయి. పని దిగిన ప్రతివాడూ తన జాకెట్ షెడ్డు గోడకున్న కొక్కేనికి తగిలించి పోవాలి. పన్నెండు కొక్కేలూ నిండితే పన్నెండుగురూ క్షేమంగా బయటికొచ్చినట్టు.

"జాకెట్లు సరే. మనుషుల్ని చూశారా?"

మేస్త్రీ తల తిప్పి షెడ్డు వైపు చూశాడు.

పిల్ల నిచ్చెన దిగేసింది. వెనకాలే కెప్టెన్ కూడా దిగాడు. "అమ్మాయ్, ఆగు. తీయించకు" అన్నాడు. అది ఆజ్ఞలా లేదట. బతిమాలుతున్నట్టు ఉందట.

ఆగలేదు. మేస్త్రీ, ఇంకొకతను తలుపు లాగారు. తెల్లటి చలి పొగ బయటికి దొర్లింది. కాస్త పలచబడ్డాక టార్చి వేసింది. పెట్టెలు. వాటి మీద బిగించిన వల. పెట్టెలు... మనిషి లేడు.

"చూశారుగా" అని గొణిగాడు మేస్త్రీ.

దెయ్యమని తేలినందుకు భయమో, పోయిన ఉద్యోగానికి దిగులో, ఏది ముందొచ్చిందో దానికే తెలీలేదట. టార్చి దించబోతుంటే, ఆఖరి వరుస వెనక, కింద — చెప్పు లేని పాదం.

యాభై దాటిన మనిషి. పెట్టెలకీ గోడకీ మధ్య పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. పెదాలు నీలం. చేతిలో వల బిగించే ఇనప కొక్కెం. తెలివి లేదు గాని వేళ్ళు దాన్ని వదల్లేదు. నలుగురూ పట్టి బయటికి లాగారు. తడి నేల మీద పడుకోబెట్టి ఛాతీ మీద నొక్కుతుంటే... దగ్గాడు.

బతికాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఇంటి దగ్గర మనవరాలితో ఆడుకుంటున్నాడట.

జరిగిందేమిటంటే, జాకెట్ వలకి చిక్కుకుంటోందని విప్పి తలుపు దగ్గర పెట్టి లోపలికి పాకాడు. అదే టైముకి డ్యూటీలు మారాయి. దిగిపోయేవాళ్ళలో ఒకడు, ఎవడో మర్చిపోయాడనుకుని ఆ జాకెట్ తీసుకెళ్ళి మర్యాదగా కొక్కేనికి తగిలించాడు. కొత్తగా డ్యూటీ ఎక్కినవాళ్ళు తలుపు వేశారు. లోపల ఆయన ఎంత తట్టినా, బయటున్నవాళ్ళు తలుపు చరిచి, వెళ్ళొస్తాం పెద్దాయనా అంటున్నారు. మేస్త్రీ కూడా అన్నాడట ఆ మాట, పది నిమిషాల ముందు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. పిల్ల కెప్టెన్ కోసం చూసింది. ఆయన చక్రానికి ఆనుకుని తడి నేల మీద కూర్చుని ఉన్నాడు. యూనిఫాం టోపీ ఎక్కడో పడిపోయింది.

ఇది వెళ్ళి పక్కన నిలబడింది. ఆయన కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి ఇచ్చాడు. నేను చూశాను ఆ సంతకం, అడ్డదిడ్డంగా ఉంది.

"రెండేళ్ళ కిందట ఆ విమానం నడిపింది నేను" అన్నాడు. "అది అందరికీ తెలుసు. ఆ రాత్రి చుట్టూ తిరిగి చూసింది కూడా నేనే."

పిల్ల ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆయన పోయాకే తట్టడం మొదలైందని మొదట చెప్పింది నేనమ్మా. ఈ పెద్దాయన కథంతా నాదే. పోయాక మొదలైందని అందరూ నమ్మితే... పోకముందు ఏమైనా విన్నావా అని నన్నెవరూ అడగరు కదా."

"సార్, మీరు—"

"లోపలేదో కొక్కెం ఊగుతోందనుకున్నా. టైము లేదు."

తెరిచి ఉన్న ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"పందొమ్మిదిసార్లు తట్టాడు" అన్నాడు. "నేను లెక్కపెట్టాను."