ముట్టని బోనమన్నం

"నా అమ్మవారి బువ్వ ఏడ పారబోసినవ్ వదినె?"

గడపలో నిలబడే అడిగింది ముత్తమ్మ. నిన్న అమ్మవారికి పెట్టి మేడ్చల్ నుంచి ఆమె పంపిన బోనమన్నం డబ్బా కొంపల్లిలోని వియ్యపురాలి వంటింట్లో కడిగి బోర్లించి ఉంది. తొమ్మిదో నెల పడ్డ కూతుర్ని తొలి కాన్పుకు తీసుకుపోదామని వచ్చిన మనిషి కాలు లోపల పెట్టలేదు.

కూతురు స్రవంతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. క్రైస్తవుడైన శాంసన్‌ను పెళ్లాడిన నాటి నుంచి తల్లికీ అత్తకూ మధ్య నలుగుతూనే ఉంది. అత్త ఎలీషమ్మ ఆ డబ్బాను కొంగు కింద పెట్టుకుని పెరటి దోవన పోవడం నిన్న ఆమె చూసింది... తనకూ అదే అనుమానం. అడగడానికి నోరు రాలేదు.

"ఈ ఇంట్ల నా బిడ్డనింక ఉంచ" అంది ముత్తమ్మ.

"నేను పంపితే గద! తీస్కపోయి పుట్టినోనికి తాయెత్తు కడ్తవ్" అంది ఎలీషమ్మ.

"నన్ను చీల్చుకోని చెరో సగం తీసుకోండి!" స్రవంతి ఏడ్చేసింది. "అనుకునుడే గాని, ఒకర్నొకరు ఎన్నడన్న అడిగిన్రా?"

ముందుగా ఎలీషమ్మే నోరు విప్పింది. "పారబొయ్యలే. పక్కింటి దుర్గాబాయికిచ్చిన. కండ్లకద్దుకోని తిన్నది."

"నువ్వెందుకు తినలే? మా దేవతంటే అంత రోతనా?"

"రోతయితే పెంటకుప్పల ఏస్తుంటి. అది మొక్కి తినే బువ్వ. నేను మొక్కను. మొక్కకుంట తింటే ఆమెకూ అబద్ధమే, నా ప్రభువుకూ అబద్ధమే."

 బోనం వండేనాడు ముత్తమ్మ ఇంట్లో అమ్మవారికి పెట్టకముందు ఉప్పు కూడా ఎవరూ రుచి చూడరు. పెట్టే చేతికి నియమం ఉన్నట్టే తినే నోటికీ ఉంటుందని ఇన్నేళ్లలో ఆమెకు తోచలేదు.

"గా ముచ్చట మొదలే చెప్తే నీ సొమ్మేం బోతుండె?"

"అడిగినవా? వచ్చుడు వచ్చుడే పారబోసినవంటివి."

ముత్తమ్మ లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "తాయెత్తు కట్ట. పంపు."

"నమ్మ."

"మరేం జెయ్యమంటవ్?"

"నేను గూడ వస్త. బాలింత పక్కల్నే ఉంట."

"బాలింతను పండబెట్టే అర్రల అమ్మవారి పటమున్నది."

"పటం నన్నేమంటది? నేను దాన్నేమంట?"

"పొద్దుగాల్నే పాటలు పాడుతవేమో!"

"మెల్లగ పాడుత."

కళ్లు తుడుచుకుంటూనే స్రవంతికి నవ్వొచ్చింది. వీళ్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరలేదు, ఇక ముందు కుదురుతుందో లేదో తెలియదు. అయినా ముత్తమ్మ కూతురి సంచీ అందుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంకా చూస్తవేంది వదినె? నీ చీరెలు సదురుకో. బస్సు పోతది."