మేనల్లుడి మాటపై మళ్లిన నది

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. అందులో ఒకటి గూఢచారి శాఖ వారి సేఫ్ హౌస్ అని చెబితే ఎవరూ నమ్మరు. గోడ మీద టాపర్ల ఫోటోలు కూడా ఉన్నాయి. ఆ టాపర్లందరూ ఏజెంట్లే. ఒక్కడూ గ్రూప్స్ పాసవలేదు.

రెండో అంతస్తు క్లాస్‌రూమ్‌లో చీఫ్ అరుణజ్యోతి తెల్ల బోర్డు మీద నీలం మార్కర్‌తో ఒక నది గీసింది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న ఏకైక విద్యార్థి ఏజెంట్ ఉపేందర్, కోడ్ నేమ్ గరుడ.

"నది సరిహద్దు అయితే గీత ఎక్కడ ఉంటుంది?"

"పడవలు తిరిగే లోతైన పాయ మధ్యలో మేడమ్. థాల్వెగ్ అంటారు."

"నది జరిగితే?"

"మెల్లగా జరిగితే గీత కూడా దాని వెంటే జరుగుతుంది. వరదకు ఒక్కసారిగా కొత్త దారి పడితే మాత్రం గీత పాత పాయలోనే ఉంటుంది."

అరుణజ్యోతి తలూపి, ఎర్ర మార్కర్‌తో పక్కనే ఇంకో పాయ గీసింది. తూర్పు సరిహద్దులో మధుకరి నది వరదకు దారి మార్చుకుంది. పాత పాయకూ కొత్త పాయకూ నడుమ ఒక లంక, ఆ లంకలో మన ఊళ్లు. గీత కొత్త పాయలోకి వచ్చేసింది, లంక మాదే అని పొరుగుదేశం వాదన. ఆ తగాదా మీద రెండు దేశాల చర్చలు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక రిసార్టులో ఇవాళ ముగుస్తున్నాయి. సాయంత్రం స్టేజీ మీద మన ప్రతినిధి వాళ్లకు ఒక పోచంపల్లి ఇక్కత్ తెర బహూకరిస్తాడు. తెర మీద నేసిన బొమ్మ మధుకరి నది, దాని ఒడ్డున సరిహద్దు రాళ్లు.

"ఆ తెర ఫోటో ఒకటి నిన్న మన చేతికి చిక్కింది. విదేశీ ముఠాకు పోతున్న మెయిల్‌లో ఉంది. అందులో నది కొత్త పాయలో ఉంది."

ఉపేందర్‌కు విషయం అర్థమైంది. గతంలో ఒక దేశం తప్పు మ్యాపును ఏళ్ల తరబడి చూసి కూడా కిమ్మనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్నే ఒప్పుకోలు కింద లెక్కగట్టి అంతర్జాతీయ కోర్టు కొండ మీది గుడిని పక్కదేశానికి ఇచ్చేసింది. ఇక్కడ మనం ఊరుకోవడం కూడా కాదు, స్వయంగా నేయించి, నవ్వుతూ కెమెరాల ముందు చేతిలో పెట్టబోతున్నాం.

"బహుమతి ఆపేద్దాం మేడమ్."

"పెట్టె మీద రెండు దేశాల సీళ్లు పడ్డాయి. ఆపితే, తప్పు తెలిసి దాచుకున్నారని వాళ్ల లాయర్లు రాసుకుంటారు. నీకు రెండు పనులు. ఆ తెర పైకి లేవకూడదు. నది ఎవరు జరిపారో తేలాలి. నేసింది ఇక్కడే షాపున్న మట్టయ్య. అమ్ముడుపోయాడనే అనుకుంటున్నాం." ఆమె మార్కర్ మూత పెట్టింది. "నీకు తెలుసా అతను?"

మట్టయ్య ఉపేందర్ మేనమామ. తండ్రి పోయాక ఇంట్లో పెట్టుకుని, ఒకవైపు మగ్గం నేస్తూ డిగ్రీ దాకా చదివించినవాడు. కానీ శాఖలో చేరేటప్పుడు ఉపేందర్ తన తండ్రి బొంబాయి మిల్లులో టెక్స్‌టైల్ ఇంజనీరని చెప్పుకున్నాడు. ఈ తెర ఆర్డరుకు మట్టయ్య పేరు కమిటీ చెవిన వేసింది కూడా తనే, చుట్టరికం చెప్పకుండా.

"తెలియదు మేడమ్," అన్నాడు. అన్న మరుక్షణం చెవులు వేడెక్కాయి. ఆమె బోర్డు తుడుస్తోంది కాబట్టి అతని ముఖం చూడలేదు.

ఒక గంటలో మట్టయ్య షాపు ముందు పెద్ద మీసం, బంగారు రంగు కళ్లజోడు, గంజి పెట్టిన తెల్ల చొక్కాతో ఒక గుంటూరు ఆసామి దిగాడు. కళ్లజోడులో కెమెరా, చొక్కా బొత్తాంలో మైకు, చెవిలో ఇయర్‌పీస్. శాఖ వారి మేకప్‌మాన్ అంతకుముందు సినిమాలకు పనిచేసినవాడు. కన్నతల్లి కూడా పోల్చుకోలేదని గ్యారంటీ ఇచ్చాడు.

"పెళ్లి చీరలు చూపిస్తారాండీ? మా అమ్మాయికండీ," అన్నాడు ఉపేందర్ గొంతు మార్చి.

మట్టయ్య రండి, కూసోండి అని మర్యాద చేసి చీరలు విప్పడం మొదలుపెట్టాడు. పిల్ల ఏం చదివింది, పిల్లగాడు ఏం చేస్తడు అని అడుగుతూనే ఉన్నాడు. ఉపేందర్ అబద్ధాలు వరసగా అల్లుతున్నాడు. మధ్యలో ఒక చీర చేతికి రాగానే, దాని కొంగు వైపు చూడనైనా చూడకుండా అంచు పట్టుకుని, లోపలి పోగు ఒకటి గోటితో లాగి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. కొనేవాళ్లెవరూ అలా చూడరు. కొనేవాళ్లు కొంగు చూస్తారు, రంగు చూస్తారు, ధర అడుగుతారు. పోగు నలిపి చూసేది మగ్గం కింద పాకుతూ పెరిగిన పిల్లలే.

మట్టయ్య లేచి షట్టరు సగం దించాడు. తిరిగొచ్చి ఎదురుగా కూర్చుని, ఆసామి ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టాడని తెలిసి ఉపేందర్ బొత్తాం మైకు ఆఫ్ చేశాడు.

"ఏందిరా అల్లుడు గీ ఏషం? పోలీసోల్లు ఎంట పడ్డరా?" అన్నాడు నెమ్మదిగా.

ఉపేందర్ మైకు ఆపింది ఇందుకే. దేశ రహస్యం కాపాడడానికి కాదు, చీఫ్ ఆ 'అల్లుడు' అన్న మాట వినకూడదని. ఆ సంగతి తనకే తెలిసి, మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. పరేషాన్ కావద్దని చెప్పి, నది బొమ్మ ఎందుకు మార్చావని అడిగాడు.

మట్టయ్య ఆశ్చర్యపోయాడు. "నువ్వే కదరా మార్చమన్నవ్. గా సింధూర మేడమ్ ఒచ్చి బొమ్మ గీసిన కొత్త గ్రాఫు ఇచ్చింది. ఉపేందర్ పంపిండని చెప్పింది. రంగులద్దేటందుకు పోగులకు కట్టిన కట్లు సగం విప్పి మల్ల కట్టిన."

"నాకొక ఫోన్ చెయ్యకపోయినవా మామా?"

"మేనల్లుని మాట మల్ల మల్ల అడుగుతరా? నువ్వు పెద్ద ఆఫీసుల ఉన్నవ్. ఏదో ఉండే ఉంటది అనుకున్న."

సింధూర. చేనేత డిజైన్ కన్సల్టెంట్, తీరైన మనిషి, ఏడాదిగా శాఖకు సమాచారం ఇస్తున్న ఏజెంట్. ఆమెను నడిపిస్తున్నది ఉపేందరే. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద కాఫీ షాపులో ఒక సాయంత్రం ఆమె నవ్వుతూ చూస్తుంటే, శాఖలో ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాడు. ఆ తెర నేసేది మా మామే, నేను ఏం చెబితే అది చేస్తాడు అన్నాడు, గొప్పగా. లంకలో ఊళ్లు, రాళ్లు, నది, అన్నీ ఆ ఒక్క కోతలో కొట్టుకుపోయాయి. ముఠాకు దారి చూపించింది మట్టయ్య కాదు. సిగ్గుతో ఉపేందర్ తల దించుకున్నాడు. ఎదుట పరిచిన చీరల మీద పూలు కూడా అతనికి సరిగ్గా కనబడలేదు.

"పాత గ్రాఫుతోని ఏమన్న నేసినవా మామా?" అని అడిగాడు, ఉందనే ఆశతో. వాళ్లింట్లో ఒక అలవాటు ఉంది. కొత్త డిజైన్‌లో దిగిన మొదటి గుడ్డ ఎంత పెద్దవాళ్లు అడిగినా అమ్మరు. ఇంట్లో పిల్లల పెళ్లికని దాచిపెడతారు.

మట్టయ్య లోపలి బీరువా తెరిచి, పసుపు గుడ్డలో చుట్టిన తెర తెచ్చి అతని చేతిలో పెట్టాడు. నది పాత పాయలో, ఉండాల్సిన చోట ఉంది. "నీ లగ్గానికి స్టేజి మీద కట్టాలనుకున్న. పని పడ్డది గదా, తీస్కపో."

అప్పుడే షట్టరు బయట జీపు ఆగింది. మైకు ఆగిపోయేసరికి చీఫ్ తన మనుషుల్ని పంపింది. ఉపేందర్ ఆ క్షణంలో షట్టరు ఎత్తి, ఈయన మా మామ, తప్పు నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. మిషన్ ముఖ్యం, తర్వాత చెబుతాను అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నచ్చజెప్పుకుంటూనే వెనక గుమ్మం లోంచి జారుకున్నాడు.

బైకు ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కేసరికి చెవిలో ఇయర్‌పీస్ పలికింది. షాపులో ఉన్న శాఖ మనుషుల మైకుల్లోంచి వినబడుతోంది, మట్టయ్యను ప్రశ్నిస్తున్నారు. ఎవరు చెబితే మార్చావు, నీ వెనక ఎవరున్నారు అని అడుగుతున్నారు.

"ఎవ్వలు లేరు సార్. నేనే మార్చిన. నాకెవ్వలు చెప్పలే," అంటున్నాడు మట్టయ్య.

హయత్‌నగర్ డిపో దగ్గర బస్సుల మధ్య బైకు ఇరుక్కుంది. ఇయర్‌పీస్‌లో ఆ ముసలి గొంతు అదే మాట మళ్లీ చెప్పింది, ఈసారి కొంచెం వణుకుతూ. ఉపేందర్ దాన్ని తీసి పారేయబోయి, ఆ మాత్రం కూడా భరించకపోతే మనిషినే కాదనుకుని చెవిలోనే ఉంచుకున్నాడు. హెల్మెట్ లోపల ఏడుస్తున్నాడని పక్కన ఆటోవాడికి తెలియదు.

రిసార్టులో స్టేజీ వెనక, శాఖ ముందే ఇప్పించిన పాసుతో, అతను తెర కట్టే పనివాడు. మీసం పోయింది, ఖాకీ చొక్కా వచ్చింది. నడుముకు చుట్టుకున్న మామ నేత చొక్కా కింద బిగుతుగా ఉంది. రెండు దేశాల ఆఫీసర్లు సీళ్లు సరిచూసుకుని, పెట్టె తెరిచి, మడత తెరను అతని చేతికిచ్చి ముందుకు వెళ్లారు. పరదా అవతల మైకులో జాతీయ గీతాలు, కెమెరాల హడావిడి. పరదా ఇవతల అతనూ, ఇనప కడ్డీ, నిచ్చెన.

మొదటి కొక్కెం తగిలిస్తుండగా పక్క నుంచి సెంటు వాసన వచ్చింది. ఇక్కత్ చీరలో సింధూర. ఆమె చూపు ఖాకీ చొక్కా మీద నుంచి, అతను నడుము నుంచి విప్పుతున్న గుడ్డ మీదికి వెళ్లింది.

"నిన్ను ఇంత ప్రేమించే మామ ఉన్నాడని నువ్వు చెప్పకపోతే నాకెలా తెలిసేదండీ? థాంక్స్," అంది మెల్లగా, నవ్వుతూ.

"అరవండి," అన్నాడు ఉపేందర్. "అది వేరే తెర, అసలుది కాదు అని గట్టిగా అరవండి."

సింధూర నోరు తెరిచింది. పెట్టెలో ఉన్న తెరలో నది ఎక్కడుందో లెక్క ప్రకారం ఆమెకు తెలియకూడదు. అరిస్తే ఎలా తెలిసిందని రెండు దేశాలూ అడుగుతాయి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా పరదా రెండుగా విడిపోయింది. చివరి కొక్కెం తగిలించి, పెట్టెలోని తెర చంకన ఇరికించుకుని, ఉపేందర్ నిచ్చెనతో సహా పక్కకు దూకాడు. చప్పట్లు మోగాయి. మధుకరి నది పాత పాయలో నిండుగా పారుతోంది. పొరుగుదేశం ప్రతినిధి ముఖంలో మాత్రం చిరునవ్వు సగంలో ఆగిపోయింది. గేటు దగ్గర నుంచే ఉపేందర్ సింధూర పేరు ఒక్కటే చీఫ్‌కు మెసేజ్ చేశాడు; మెట్ల దగ్గర శాఖ మనుషులు ఆమె కోసం కాచుకుని ఉన్నారు.

చీఫ్ చేయి చాచి అభినందించబోయింది. ఉపేందర్ ఆ చేయి అందుకోలేదు. మట్టయ్య నా మేనమామ, సింధూరకు ఆ మాట చెప్పింది నేను, పొద్దున మీకు అబద్ధం చెప్పింది నేను అని గడగడా చెప్పేశాడు. చెప్పాక తేలికపడతాననుకున్నాడు. పడలేదు. అరుణజ్యోతి చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

"నీ మామ సాయంత్రం దాకా నీ పేరు నోటి నుంచి రానివ్వలేదు. నువ్వు సస్పెండ్. ముందు వెళ్లి ఆయన్ని ఇంటికి తీసుకుపో," అంది.

బైకు వెనక కూర్చున్న మట్టయ్య దారంతా ఏమీ అడగలేదు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర మాత్రం, ఆకలైతుందా అల్లుడు అన్నాడు. ఉపేందర్ కాళ్ల మీద పడదామంటే సిగ్నల్ పచ్చబడింది.

మర్నాడు షాపులో తెల్ల పరుపు మీద ఎల్బీనగర్ నుంచి ఒక ఆసామి భార్య కూర్చుంది. కొత్త మనిషి కనబడ్డాడే, పనివాడా అని అడిగింది. ఉపేందర్ నోరు విప్పేలోపే మట్టయ్య అందుకున్నాడు.

"పనోడు కాదమ్మా. మా అక్క కొడుకు, నా మేనల్లుడు. నా చేతుల మీద పెరిగిండు," అన్నాడు, షాపంతా వినబడేలా.

ఉపేందర్ తలెత్తలేక చీరలు విప్పుతూ కూర్చున్నాడు. ఆమె ర్యాకు మొత్తం దింపించి, అన్నీ చూసి, ఇంట్లో అడిగి వస్తానని లేచి వెళ్లిపోయింది. రెండు దేశాల చర్చలు కూడా ఇంతకంటే తొందరగానే తేలాయి.